కుర్చీలో కూర్చున్నది నేను, అడిగింది మా ఆవిడని

సంపాదకులకు నమస్కారం.

సెప్టెంబరు 21 అల్జీమర్స్ దినమని మీ పత్రికలో ఒక పేజీ వేశారు. దాన్ని నేను నాలుగుసార్లు చదివాను. అంత బాగుందని కాదు, చదివిన సంగతి మరిచిపోయి మళ్ళీ చదివాను. మూడోసారి అయ్యాక పేజీ పైన పెన్సిలుతో 'చదివాను' అని రాసిపెట్టుకున్నాను. నాలుగోసారి మాత్రం కావాలనే చదివాను, ఎవరెవరు మాట్లాడారో లెక్కపెట్టడానికి. నరాల డాక్టరుగారు ఒకరు, మానసిక వైద్యులు ఒకరు, తల్లిని చూసుకుంటున్న కూతురు ఒకావిడ, వృద్ధాశ్రమం నడిపే ఆయన ఒకరు, ఏం తినాలో చెప్పిన అమ్మాయి ఒకరు. మొత్తం ఐదుగురు. జబ్బున్నవాళ్ళు ఒక్కరూ లేరు. మా తరఫున ఒక ఫోటో ఉంది. కిటికీలోంచి బయటికి చూస్తున్న ముసలాయన వీపు.

ఆ వీపు తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా వయసు 72. ఆర్టీసీలో 33 ఏళ్ళు కండక్టరుగా చేశాను, ఎక్కువ కాలం బెజవాడ-బందరు రూట్లో. రిటైరయ్యాక ఉయ్యూరులో ఉంటున్నాం. రెండున్నరేళ్ళ కిందట బెజవాడలో ఒక ఆస్పత్రిలో స్కానింగులు, రక్తపరీక్షలు, ప్రశ్నలు అన్నీ అయ్యాక అల్జీమర్స్ మొదటి దశ అన్నారు. డాక్టరుగారు ఆ మాట మా అబ్బాయితో చెప్పారు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

ఈ ఉత్తరం ఎలా తయారైందో కూడా చెప్పాలి, లేకపోతే ఇంత పొడుగు ఉత్తరం ఈయన ఎలా రాశాడని మీకు అనుమానం రావచ్చు. నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేసింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, పందొమ్మిది రోజులు కూర్చున్నాం. సాయంత్రం పూట చెప్పినవి పనికిరాలేదు, కొట్టేశాం. "తాతయ్యా, ఇది నిన్న కూడా చెప్పావు" అన్న చోటల్లా తీసేశాం. నా మాటలు మార్చకూడదని ముందే షరతు పెట్టాను. విదేశాల సంగతులు, చట్టాల సంగతులు ఆ పిల్లే ఫోనులో చూసి చదివి వినిపిస్తే నేను డైరీలో రాసుకున్నవి. మిగతావి నావి.

కిందటి వేసవిలో ఒక పరిశోధన కోసమని ఇద్దరు కుర్రవాళ్ళు మా ఇంటికి వచ్చారు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఎవరు పంపించారో ఆ పేరు రాయను. వచ్చిన పిల్లలది తప్పేం లేదు. చెప్పులు బయట విప్పారు, మజ్జిగ ఇస్తే తాగారు, మర్యాదగా మాట్లాడారు. ముందు సంతకం కావాలన్నారు. ఆరు పేజీల కాగితం. తెలుగులోనే ఉంది గానీ 'చట్టబద్ధముగా ఆమోదించబడిన ప్రతినిధి' లాంటి తెలుగు. మా ఆవిడ దాన్ని నా వైపు జరిపి, "ఈయన సంతకం పెట్టగలరమ్మా" అంది. "పర్లేదు ఆంటీ, మీరు పెడితే చాలు" అన్నాడు అబ్బాయి. ఆవిడ పెట్టింది. నేను 33 ఏళ్ళపాటు రోజుకి ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టానో లెక్కలేదు. ఒక్కదానికీ మా ఆవిడ వచ్చి పెట్టాల్సిన అవసరం రాలేదు.

తర్వాత పరీక్ష. ఇవాళ తారీఖు ఎంత, ఏ నెల, ఇది ఏ ఊరు, మూడు మాటలు చెబుతాను గుర్తుపెట్టుకోండి, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత, దాంట్లోంచి మళ్ళీ ఏడు తీస్తే ఎంత.

వందలోంచి ఏడు! నా ఉద్యోగమే అది కదా. తొంభైమూడు, ఎనభైయారు, డెబ్భైతొమ్మిది, డెబ్భైరెండు, అరవైయైదు... ఆ అమ్మాయి చాలన్నా ఆగలేదు, ఆఖరికి రెండు మిగిలేదాకా వెళ్ళాను. చాలా ఆశ్చర్యపోయింది. "ఇందాకటి మూడు మాటలు చెప్పండి అంకుల్" అంది. ఒక్కటే వచ్చింది. మిగతా రెండు ఏమిటో ఇప్పటికీ తెలియదు. ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చెప్పండి అంది. ఆవు, గేదె, కుక్క, పిల్లి, మేక. అక్కడ ఆగిపోయింది బండి. నిమిషం అంత పొడుగుంటుందని నాకు అంతకుముందు తెలియదు. అదే బెజవాడ నుంచి స్టేజీలు చెప్పమంటే కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు, గంగూరు, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, నిడుమోలు, గూడూరు, బందరు అని చెప్పేసి, బందరు నుంచి వెనక్కి కూడా వచ్చేవాణ్ణి. ఆ పరీక్షలో స్టేజీలకి మార్కుల్లేవు.

దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. కిలోమీటరు రాయి అందరికీ ఒకటే ఉండాలి, లేకపోతే దూరం తేలదు. దేశంలో వైద్య పరిశోధనలు చూసే ఐసీఎంఆర్ సంస్థవాళ్ళు ఇలాంటి పరీక్షల్ని తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళాల్లో మన మనుషులకి సరిపోయేలా తయారుచేయించారట. మంచి పని. ఇంగ్లీషు ప్రశ్నని మక్కీకి మక్కీ దించి మమ్మల్ని తెల్లమొహం వెయ్యమనే కాలం పోయింది.

నా ఫిర్యాదు ఆ తర్వాత మొదలైంది. నా పరీక్ష పావుగంటలో అయిపోయింది. అప్పుడు ఆ అమ్మాయి కుర్చీ కొంచెం తిప్పుకుని మా ఆవిడ వైపు కూర్చుంది. "ఆంటీ, అంకుల్‌కి దారి గుర్తుంటుందా? డబ్బు లెక్క చూసుకోగలరా? ఊరికే కోపం వస్తుందా? ఏడుస్తారా? స్నానం సొంతంగా చేస్తారా? బట్టల్లో పోసుకుంటారా?" ఇలా గంటా పది నిమిషాలు. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంది. టైము చూసుకోవడం పాత అలవాటు, అదింకా పోలేదు.

అందులో రెండు సంగతులు మీకు చెబుతాను.

"అంకుల్ ఒంటరిగా బయటికి వెళ్తారా ఆంటీ?" "ఇదివరకు వెళ్ళేవారమ్మా, మానేశారు." "ఎందుకని? దారి మరిచిపోతారా?" "అవునమ్మా, ఒకసారి తప్పిపోయారు కూడా." ట్యాబు మీద టక్కున ఒక చుక్క పడింది. మా ఆవిడ అబద్ధం చెప్పలేదు. నేను ఒకసారి తప్పిపోయిన మాట నిజం. మార్కెట్టు వెనక సందులోంచి బయటపడలేక ఆటోవాణ్ణి ఎక్కించుకుపొమ్మన్నాను. కానీ ఆ తర్వాత కూడా రెండు నెలలు రోజూ బయటికి వెళ్ళాను. మానేసింది కిరాణా కొట్టు వల్ల.

కిలో కందిపప్పు, చిన్న కొబ్బరినూనె సీసా తీసుకున్నాను. ఐదువందల నోటు ఇచ్చాను. చిల్లర ఇచ్చాడు. నేను లెక్కపెట్టుకుంటున్నాను. వేళ్ళు నిదానంగా కదులుతున్నాయి. ఒకసారి తప్పిపోతే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. నా వెనక ముగ్గురో నలుగురో నిలబడ్డారు. కొట్టతను చెయ్యి చాపి నా చేతిలో చిల్లర తీసుకుని, పప్పు సంచిలో వేసి, సంచి నా చేతికిచ్చి, "పర్లేదు బాబాయ్, ఈసారి నుంచి పిన్నినో కోడల్నో పంపించు, ఫోను చేసినా ఇంటికి పంపిస్తా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఇరవయ్యేళ్ళుగా తెలిసినవాడు. కానీ నేను టికెట్టు వెనక చిల్లర బాకీ రాసిచ్చి, మనిషి బస్సు దిగేలోపు పిలిచి మరీ చేతిలో పెట్టినవాణ్ణి. నా చేతిలోంచి చిల్లర తీసుకున్నవాడు ఇన్నేళ్ళలో ఎవడూ లేడు. ఆ రోజు నుంచి నేను బజారుకి వెళ్ళలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఏమని చెప్పాలి?

ఇప్పుడు ఆ పరిశోధనలో నా పేరు ఎదురుగా 'దారి మరిచిపోవడం వల్ల బయటికి వెళ్ళడం మానేశారు' అని ఉంటుంది. అలాంటివి వెయ్యిమందివి కలిపి ఒక పట్టిక వేస్తారు. దాన్నిబట్టి దారి గుర్తుపెట్టుకునే యంత్రమో మాత్రో కనిపెడతారు. ఆ మాత్ర వేసుకున్నా నేను కొట్టుకి వెళ్ళను. కొట్లవాళ్ళకి రెండు మాటలు చెప్పి, లెక్కపెట్టుకునే ముసలాళ్ళని ఒక నిమిషం ఆగనిమ్మంటే రేపే వెళ్తాను.

రెండోది కోపం. "సాయంత్రమైతే చిరాకు పడతారమ్మా, ఒక్కోసారి కంచం తోసేస్తారు" అంది మా ఆవిడ. సాయంత్రాలు ఇలా అవడానికి డాక్టర్ల దగ్గర పేరు కూడా ఉంది, సన్‌డౌనింగ్ అంటారట. ఉండొచ్చు. మా ఇంట్లో సాయంత్రం ఐదున్నర ఎలా ఉంటుందో చెబుతాను. హాల్లో సీరియల్, వంటింట్లో కుక్కరు, చిన్న మనవడి ఫోనులో కాల్పుల గేము, వీధిలో బండి మీద మైకు - వంద రూపాయలకి ఐదు కిలోల ఉల్లిపాయలు. ఒకప్పుడు అరవైమంది జనంలో, ఇంజను రొదలో, వెనక సీటు దగ్గర ఎవరో "హోల్డాన్" అని నెమ్మదిగా అన్నా నాకు వినబడేది. ఇప్పుడు అన్ని చప్పుళ్ళూ ఒకే మూటగా వచ్చి మీద పడతాయి. ఏది మనిషి మాటో, ఏది టీవీ మాటో విడదీసుకోలేను. ఎవరైనా అదే సమయంలో "ఏమండీ, రెండో ఇడ్లీ వెయ్యనా?" అంటే కంచం తోసేస్తాను. నాకు దీనికో మాత్ర రాశారు, రాత్రి పూట. జూన్‌లో గాలివానకి రెండు రోజులు కరెంటు పోయింది. ఆ రెండు సాయంత్రాలు నేను కోప్పడలేదని మా మనవరాలే గమనించింది. దాన్ని గమనించడానికి డాక్టరు అక్కర్లేదు. "చప్పుడుకి ఇబ్బందిగా ఉంటుందా?" అని నన్ను ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

అయితే నేను చెప్పిందే వేదం అనడం లేదు. ఇది కూడా రాయమన్నది మా ఆవిడే, రాయకపోతే అన్యాయం. నేను ఒక రాత్రి రెండున్నరకి లేచి, చొక్కా వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని, ఫస్ట్ బస్సు టైమైందని గేటు తాళం పీకుతున్నానట. అలాంటిదేమీ జరగలేదని నేను వాదించాను. గట్టిగానే వాదించాను. మనవరాలు ఫోనులో వీడియో చూపించింది. అందులో ఉన్నది నేనే. ఎంత చూసినా ఆ రాత్రి నాకు గుర్తుకు రాలేదు. కాబట్టి ఇంట్లోవాళ్ళని అడగాల్సిందే. వాళ్ళని అడగొద్దని నేను అనను. ఆ మాటకొస్తే నా గురించి గంటసేపు అడిగినవాళ్ళు, ఆవిడ రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతోందని ఆఖర్న ఒక్క ముక్క అడిగి లేచారు.

డిపోలో డ్రైవరు లాగ్‌షీటు వేరు, కండక్టరు లెక్క వేరు. బస్సు ఒకటే, రూటు ఒకటే, కాగితాలు రెండు. రెంటికీ తేడా వస్తే పిలిచి అడిగేవాళ్ళు, అసలు సంగతి ఆ తేడాలోనే దొరికేది. నేను కోరేది కూడా అదే. మా ఆవిడ చెప్పింది ఒక కాలమ్‌లో రాయండి, నేను చెప్పింది పక్క కాలమ్‌లో రాయండి. తేడా వచ్చిన చోట ఆగండి. బతుకు ఎలా ఉందని అడిగితే జబ్బున్నవాళ్ళు తమకి తాము వేసుకునే మార్కులు, వాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు వేసే మార్కులకంటే ఎక్కువే ఉంటాయని చాలా దేశాల పరిశోధనల్లో కనబడిందట. మాకు తెలివి తక్కువై ఎక్కువ వేసుకుంటున్నామని ఒకరు అనొచ్చు. అలిసిపోయి వాళ్ళు తక్కువ వేస్తున్నారని ఇంకొకరు అనొచ్చు. నా మట్టుకు నాకు పొద్దున కాఫీ, పేపరు, పెరట్లో కనకాంబరాల దగ్గర ఒక గంట ఉంటే ఆ రోజు బాగున్నట్టే. దానికి కాలమ్ కావాలి.

ఇంకొకటి అడగాలి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. మన హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడిగారు, వాళ్ళ బృందం 2013లో ఒక పరిశోధన వెలువరించారు. 648 మంది రోగులు. ఒక్క భాషే వచ్చినవాళ్ళకంటే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకి డిమెన్షియా (మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి ఆ పేరు, నా అల్జీమర్స్ అందులో ఒకటి) నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువురానివాళ్ళలో కూడా ఆ తేడా ఉందట. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడుకుంది. మనవరాలు అది చదివినప్పుడు నాకు గర్వంగా అనిపించింది, ఎందుకంటే నేను బందరులో ఉర్దూ మాట్లాడే వీధిలో పెరిగాను. నాకు రెండు భాషలూ వచ్చు. ఇప్పుడు కోపం వస్తే ఉర్దూలోనే వస్తోందని మా ఆవిడ అంటోంది. నాలుగున్నరేళ్ళు నాకు కలిసొచ్చాయో లేదో ఆ భగవంతుడికి తెలియాలి.

అయితే ఇలాంటి పరిశోధనల్లో జబ్బు ఎప్పుడు మొదలైందన్న లెక్క మామూలుగా ఇంట్లోవాళ్ళు చెప్పేదే. మా ఆవిణ్ణి అడిగితే, మూడేళ్ళ కిందటి సంక్రాంతికి అల్లుడి పేరు మరిచిపోయారు, అప్పటినుంచే అంటుంది. అది తప్పు. ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు. దానికి రెండేళ్ళ ముందు, ఒక కార్తీక సోమవారం, బెజవాడలో గుడికి వెళ్ళి బస్సులో తిరిగి వస్తున్నాను. కిటికీ పక్క సీటు. ఎండ పడుతోంది. బస్సు ఆగింది, జనం దిగారు, ఎక్కారు. బయట ఒక హోటలు, పండ్ల బళ్ళు, ఒక విగ్రహం. ఇది ఏ స్టేజీయో నాకు తెలియలేదు. పేరు నోటిదాకా వచ్చి ఆగడం కాదు, అసలు ఎప్పుడూ చూడని ఊళ్ళో దిగినట్టుంది. ముందు ఏది వెళ్ళిపోయిందో, తర్వాత ఏది వస్తుందో తెలియలేదు. చేతులు చల్లబడ్డాయి. కండక్టరు కుర్రాణ్ణి అడుగుదామనుకున్నాను, సిగ్గేసింది. నేను ఎవరో వాడికి తెలుసు. బస్సు కదిలి ఒక మూడు నాలుగు నిమిషాలు పోయాక ఎడంచేతి వైపు ఒక రైసుమిల్లు గొట్టం కనబడింది. అప్పుడు దారి అంతా ఒక్కసారిగా దానంతటదే వచ్చి కూర్చుంది. ఇందాక ఆగింది కంకిపాడు. వేలసార్లు విజిలేసి ఆపిన చోటు.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ళు దాచాను. ఆ తేదీ నా ఒక్కడి దగ్గరే ఉంది. జబ్బు ఎన్నేళ్ళు ఆలస్యమైందో నెలలతో సహా లెక్కగట్టే పెద్దలు ఎవరైనా ఆ తేదీ అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు. ఇంకొన్నాళ్ళకి అది నా దగ్గర కూడా ఉండదు.

ఈ జబ్బుకి పేరు పెట్టిన అల్జీమర్‌గారు మొదటి రోగిని అడిగారు. మనవరాలు చదివిన వాటిల్లో నాకు బాగా పట్టుకున్న సంగతి ఇది. 1901లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రి. ఆవిడ పేరు ఆగస్టె డేటర్, 51 ఏళ్ళు, భర్త రైల్వేలో గుమాస్తా. డాక్టరు ఎదురుగా కూర్చుని అడిగిన ప్రతి ప్రశ్న, ఆవిడ చెప్పిన ప్రతి జవాబు కాగితం మీద రాసుకున్నాడు. నీ పేరేమిటంటే ఆగస్టె అంది. మీ ఆయన పేరేమిటంటే, ఆగస్టె అనుకుంటా అంది. పంది మాంసం, కాలీఫ్లవర్ తింటూ, ఏం తింటున్నావంటే పాలకూర అంది. 'నన్ను నేను పోగొట్టుకున్నాను' అని కూడా అంది. ఆ ఫైలు ఎక్కడో పడిపోయి 1995లో దొరికిందట. కంకిపాడు దగ్గర నాకు జరిగింది ఏ డాక్టరూ అంతకంటే బాగా చెప్పలేదు. అది చెప్పింది రోగి. రాసుకున్నవాడు ఉన్నాడు కాబట్టి మిగిలింది. ఇప్పుడు ట్యాబులో అలాంటి మాటకి జాగా ఎక్కడుంది? అవును, కాదు, తెలియదు - మూడే గడులు.

మావాళ్ళు పరిశోధనల్లో చెయ్యి పెట్టగలరా అని అడిగేవాళ్ళకి మూడు సంగతులు చెప్పి వదిలేస్తాను. స్కాట్లాండులో జేమ్స్ మకిలప్ అనే ఆయన, ఆయనకీ డిమెన్షియానే, 2002లో ఒక సంఘం మొదలుపెట్టాడు. సభ్యులందరూ జబ్బున్నవాళ్ళే. మాతో పరిశోధన చేసేవాళ్ళు ఎలా నడుచుకోవాలో వాళ్ళే సూత్రాలు రాసిచ్చారు. అందులో ఒకటి సమయం గురించి. మా సమయం మీ సమయంలా నడవదు, దాన్ని లెక్కలోకి తీసుకోండి అని. ఇంగ్లండులో వెండీ మిచెల్ అనే ఆవిడ, ఆస్పత్రిలో నర్సుల డ్యూటీ చార్టులు వేసే పని చూసేది. 2014లో 58 ఏళ్ళకి జబ్బు బయటపడింది. ఆ తర్వాత దాదాపు పదేళ్ళు పరిశోధనల్లో పాల్గొంటూ, డబ్బు కోసం పరిశోధకులు పెట్టుకునే అర్జీలు చదివి అభిప్రాయం చెబుతూ గడిపింది. 2024లో పోయింది. ఆస్ట్రేలియాలో క్రిస్టీన్ బ్రైడెన్ అనే ఆవిడ 46 ఏళ్ళకే జబ్బున పడి, ప్రపంచ అల్జీమర్స్ సంఘం బోర్డులో కూర్చున్న మొదటి రోగి అయింది. డ్యూటీ చార్టులు వేసే ఆవిడ చెయ్యగా లేనిది, కండక్టరు చెయ్యలేడా?

ఈ సందర్భంలోనే ఒక మాట. మీ పేజీలో మా జబ్బుని 'చిత్తవైకల్యం' అని రాశారు. అది చూసి మా ఆవిడ పేపరు మడిచి దాచేసింది. చిత్తం వికలమైందంటే మా వైపు పిచ్చి అనే అర్థం. జపాన్‌లో కూడా ఇదివరకు ఉన్న పేరులో బుద్ధిహీనత అనే అర్థం ఉందని 2004లో ప్రభుత్వమే ఆ పేరు మార్చిందట. మీరు డిమెన్షియా అనే రాయండి, పర్లేదు, మా వీధిలో అందరికీ తెలుసు. లేదా మతిమరుపు జబ్బు అనండి. కొత్త పేరు కావాలంటే మమ్మల్ని కూడా కూర్చోబెట్టి పెట్టండి.

మన దేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా, మొత్తం 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన పెద్ద సర్వే లెక్క. పల్లెల్లో ఎక్కువ, ఆడవాళ్ళలో ఎక్కువ. ఇంతమందిలో పరిశోధనకి అర్జీలు పరిశీలించే ఒక్క కమిటీలో ఎవరినైనా కూర్చోబెట్టారేమో, ఉంటే నాకు రాయండి, సంతోషిస్తాను. చట్టం మా వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో పరిశోధనకి మనిషి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన సమ్మతి కావాలని రాసి ఉంది. ఆ చట్టం మానసిక వ్యాధి అన్నదాంట్లో జ్ఞాపకశక్తి దెబ్బతినడం కూడా కలిపింది. సమ్మతి ఇవ్వలేని స్థితి అయితేనే వేరే దారి. నేను ఇవ్వగలనో లేదో నన్ను అడిగి చూడకుండానే మా ఆవిడ ముందు కాగితం పెట్టడం ఏ లెక్కలోకి వస్తుంది?

మరి మాట పోయినవాళ్ళ సంగతేమిటి అని మా మనవరాలే అడిగింది. మంచి ప్రశ్న. నాతో పదకొండేళ్ళు ఒకే బండి మీద చేసిన డ్రైవరు ఒకాయన ఉన్నాడు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఇదే జబ్బు, ఆఖరి దశ. మంచం మీదే ఉంటాడు. మాట లేదు. వాళ్ళ ఇల్లు రోడ్డు వారగానే. కిందటి నెల వెళ్ళి పక్కన కూర్చున్నాను. బయట లారీ హారన్ కొట్టింది. దుప్పటి కింద ఆయన కుడికాలు కిందికి నొక్కుకుంది, బ్రేకు మీద. మళ్ళీ హారన్, మళ్ళీ కాలు. వాళ్ళ కోడలు అది వాతమనుకుని నూనె రాస్తోంది. నేను చెప్పాక ఏడ్చింది. ఇంకో సంగతి కూడా చూశాను. గంజి నోటి దగ్గరకి తెస్తే మూడో చెంచా తర్వాత పెదాలు బిగిస్తాడు. రక్తం తీసే అబ్బాయి వస్తే చెయ్యి గుండెల మీదకి లాక్కుంటాడు. అది వద్దనడం కాక మరేమిటి? ఎవరైనా పరిశోధనకని ఆయన చెయ్యి పట్టుకున్నప్పుడు, కొడుకు సంతకం ఉంది కదా అని ఆ చెయ్యిని బలవంతంగా చాపకూడదు. ఆ కాలు, ఆ పెదాలు, ఆ చెయ్యి - ఇవి ఎలా చదవాలో తెలిసినవాళ్ళని పంపించాలి. అలా చదవడంలో పాత తోటివాళ్ళు పనికొస్తారు. హారన్‌కి కాలు ఎందుకు కదిలిందో చెప్పడానికి బెజవాడ-బందరు రూటు తెలిసినవాడు కావాలి.

మా ఇంటికి వచ్చిన పిల్లలు ఎనిమిది నెలలకి మళ్ళీ వస్తామన్నారు. అంటే సంక్రాంతి వెళ్ళాక. గోడమీద క్యాలెండరులో ఎర్ర స్కెచ్చుతో రాయించాను. ఈలోపు మీ పత్రికలో ఇది వస్తే, వాళ్ళని పంపించేవాళ్ళు చదువుతారని ఆశ. పొద్దున తొమ్మిదింటికి రమ్మనండి, సాయంత్రం వద్దు. ప్రశ్నలు రెండు రోజుల ముందు పెద్ద అక్షరాల్లో కాగితం మీద పంపిస్తే ఆలోచించి పెట్టుకుంటాను. ఇద్దరూ ఒకేసారి మాట్లాడొద్దు. జవాబుకి టైము పడుతుంది, మధ్యలో అందించొద్దు. నన్ను అడిగేటప్పుడు మా ఆవిడ పక్కింట్లో కూర్చుంటుంది, ఆవిణ్ణి అడిగేటప్పుడు నేను కనకాంబరాల దగ్గర ఉంటాను. కిందటిసారి తీసుకెళ్ళిన రక్తంలో ఏం తేలిందో కూడా చెప్పమనండి, ఇంతవరకు ఒక్క ముక్క చెప్పలేదు. సంతకం నేను పెడతాను. పెన్ను నా జేబులోనే ఉంటుంది.

ఒకవేళ నేను మరిచిపోయి ఇదే ఉత్తరం మీకు మళ్ళీ పంపిస్తే, రెండోది పక్కన పడెయ్యండి. రెంటిలో తేడాలుంటే మాత్రం మా మనవరాలికి ఫోను చెయ్యండి.

ఇట్లు,
రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు,
ఉయ్యూరు, కృష్ణా జిల్లా